మత్తు ఇచ్చే నర్సు కావాలంటే...

గడివేముల నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా బల్ల మీద ఉంది. పేరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆమె జి.ఎన్.ఎం. పాసయి రెండేళ్ళుగా నంద్యాలలో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో పని చేస్తున్నారు. ఉత్తరంలో అసలు ముక్క ఇది: “సార్, అమెరికాలో నర్సులే ఆపరేషన్‌కు మత్తు ఇస్తారంట. జీతం శానా ఎక్కువంట. హైదరాబాదులో ఒకాయన ఏడాది అనస్థీషియా కోర్సు చేయించి, నేరుగా అక్కడి కాలేజీలో సీటు ఇప్పిస్తానంటున్నాడు. మా నాయన రెండెకరాలు బేరం పెట్టినాడు. రేపో మాపో అడ్వాన్సు తీసుకునేటట్టున్నాడు. నాకు ఆ చదువుకు అర్హత ఉందా, లేదా? తొందరగా చెప్పండి.”

తొందరగానే చెబుతున్నాను. అమ్మా, ముందు మీ నాయనగారిని ఆ అడ్వాన్సు తీసుకోవద్దనండి. అమెరికాలో నర్సులు మత్తు ఇవ్వడం నిజం. మంచి జీతం రావడమూ నిజమే. కానీ ఇక్కడ చేసే ఏడాది సర్టిఫికెట్ కోర్సు ఏదీ ఆ కాలేజీలో సీటు ఇప్పించదు. అక్కడ అడిగే అర్హతలు వేరు. వాటిలో ఒకటి మీకు ఉంది, రెండు సంపాదించుకోవచ్చు, ఒకటి మాత్రం ఈ దేశంలో ఉండగా ఎంత డబ్బు పోసినా దొరకదు. అదేమిటో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

ఈ నాలుగు మాటలూ కార్డు మీద రాసి పోస్టులో వేస్తే సరిపోయేది. కానీ నర్సింగ్ చదివిన పిల్లలు, చదువుతున్న పిల్లలు ఇవాళ మన చిన్న పట్నాల్లో వీధికొక ఇంట్లో ఉన్నారు. ‘అనస్థీషియా కోర్సు’ అన్న బోర్డులు కూడా అదే వీధుల్లో కనిపిస్తున్నాయి. ఏ కోర్సు దేనికి పనికొస్తుందో తెలియక పొలాలూ, నగలూ పోగొట్టుకోవడం ఎందుకు? అందుకని ఈ వారం రోగాల సంగతి కాస్త పక్కన పెట్టి దీని గురించి చెబుతాను.

సూది వేసి వెళ్ళిపోవడం కాదు

ఆపరేషన్ జరిగిన ఇంటికి చుట్టాలు పలకరించడానికి వస్తే “ఏ డాక్టరు చేశాడు?” అని తప్పకుండా అడుగుతారు. “మత్తు ఎవరిచ్చారు?” అని అడిగేవాళ్ళు అరుదు. మత్తు డాక్టరంటే సూది ఒకటి పొడిచి, పక్క గదిలో కాఫీ తాగుతూ కూర్చునే మనిషి అని చాలామంది అభిప్రాయం. అంత తేలిక పని అయితే ఏడాది కోర్సు చాలు కదా! కాదు గనకనే ఇన్ని అర్హతలు అడుగుతారు.

పూర్తి మత్తు సంగతే తీసుకోండి. మందు ఎక్కిన అర నిమిషంలో రోగికి స్పృహ పోతుంది. ఆ తర్వాత కండరాలు సడలడానికి ఇంకో మందు ఇస్తారు. దానితో చేతులూ కాళ్ళూ మాత్రమే కాదు, ఊపిరి తీసే కండరాలు కూడా పట్టు వదిలేస్తాయి. అప్పటి నుంచి రోగి తనంతట తాను ఊపిరి తీయలేడు. మత్తు ఇచ్చే మనిషే అతని చేత ఊపిరి తీయించాలి. నోట్లోంచి శ్వాసనాళంలోకి ఒక ట్యూబు దించాలి. అది దారి తప్పి అన్నవాహికలోకి పోయిందా, వెంటనే కనిపెట్టాలి. ప్రాణవాయువు అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ట్యూబు సరైన చోట ఉందని చెప్పే గట్టి గుర్తు, రోగి వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు కనబడటం. దాన్ని కొలిచే యంత్రం ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూపే క్లిప్పు వేలికి ఉంటుంది. గుండె కొట్టుకునే తీరు తెర మీద గీతలుగా కనిపిస్తూ ఉంటుంది. ఐదు నిమిషాలకొకసారైనా రక్తపోటు చూస్తారు. ఇవన్నీ ఉన్నా, వాటిని చూసి అర్థం చేసుకుని చెయ్యి కదిపే మనిషి అక్కడ లేకపోతే యంత్రం గంట కొడుతుందే తప్ప ప్రాణం నిలబెట్టదు.

ఇక సిజేరియన్‌కు నడుములో ఇచ్చే సూది. అదీ చూడటానికి చిన్నదే. కానీ ఆ మందు పని చేయగానే కాళ్ళలోని రక్తనాళాలు వెడల్పయి రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. తల్లికి కడుపులో తిప్పుతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి, బిడ్డకు అందే రక్తం తగ్గుతుంది. దాన్ని ముందే ఊహించి సెలైను, రక్తపోటు పెంచే మందు సిద్ధంగా ఉంచుకుని, తల్లిని కొద్దిగా ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టాలి. (ఆ సూది వల్లనే జన్మంతా నడుము నొప్పి వస్తుందని ఇళ్ళల్లో చెప్పుకుంటారు. అది అపోహ. కాన్పు తర్వాత నడుము నొప్పి సూది వేయించుకోనివాళ్ళకూ వస్తుంది.)

మత్తు ఇవ్వడానికి ముందు ఏమీ తినవద్దనేది కూడా ఇందుకే. స్పృహ లేనప్పుడు కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తేలికపాటి టిఫిను తిని ఆరు గంటలు, నూనె సరుకు గానీ మాంసం గానీ తింటే ఎనిమిది గంటలు ఆగాలి. మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకూ తాగవచ్చు. “పిల్లాడు ఏడుస్తున్నాడు గదా” అని చాటుగా రెండు ఇడ్లీలు పెట్టిన అమ్మమ్మలు ఉన్నారు. పెట్టినా పెట్టామని డాక్టరుకు చెప్పండి, దాచవద్దు.

ఇప్పుడు మీకు ఒక సంగతి అర్థమయి ఉంటుంది. మత్తు ఇచ్చే మనిషికి కావలసింది సూది పొడిచే నేర్పు ఒక్కటే కాదు. క్షణాల మీద శరీరం మారిపోతుంటే చూసి, ఏమి చేయాలో తనకు తాను తేల్చుకునే సత్తా ఉండాలి. అమెరికా కాలేజీలు అడిగే అర్హతలన్నీ ఈ ఒక్కదాని చుట్టూ తిరుగుతాయి.

హైదరాబాదు క్లోరోఫాం, అమెరికా నర్సు

మనకు లేని పద్ధతి అమెరికాలో ఎట్లా వచ్చిందని మీరు అడగవచ్చు. 1846లో బోస్టన్‌లో ఈథర్‌తో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాది ఎడింబరోలో క్లోరోఫాం వచ్చింది. బ్రిటన్‌లో మొదటి నుంచీ మత్తు ఇవ్వడం డాక్టరు పనిగానే సాగింది. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫాం ఇచ్చిన జాన్ స్నో డాక్టరే. బ్రిటిషువారి వైద్యమే మనకూ సంక్రమించింది కనుక ఆ పద్ధతే ఇక్కడా స్థిరపడింది.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు గొప్ప చోటుంది. క్లోరోఫాం వల్ల చనిపోయేవారికి ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న తగవు తేల్చడానికి నిజాం ప్రభుత్వం డబ్బుతో 1888లోనూ, 1889లోనూ రెండు కమిషన్లు పని చేశాయి. వాటిని నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఆగేది ఊపిరేనని ఆయన తేల్చారు. గుండె కూడా హఠాత్తుగా ఆగవచ్చునని తర్వాత 1911లో గుడ్‌మన్ లీవీ పరిశోధనలో రుజువయింది, అది వేరే కథ. మనకు కావలసిన మనిషి లారీ దగ్గర హైదరాబాదు మెడికల్ స్కూల్లో చదివిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో చేరి 1889లో పాసయిన ఆమె ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే పని చేపట్టారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా ఆమెను చెప్పుకుంటారు. అయితే గమనించండి, ఆమె నర్సు కాదు, వైద్యం చదివిన మనిషి.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో కథ ఇంకో దారి పట్టింది. అక్కడ సర్జన్లు మత్తు ఇచ్చే పనిని ఎవరో ఒక కుర్ర విద్యార్థికి అప్పగించేవారు. అతని కళ్ళు ఆపరేషన్ మీద ఉండేవి, రోగి మీద కాదు. ప్రాణాలు పోయేవి. విసిగిపోయిన సర్జన్లు ఓపికగా రోగి ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చునే నర్సులనూ, క్రైస్తవ సన్యాసినులనూ ఈ పనికి పెట్టుకున్నారు. 1877లో పెన్సిల్వేనియాలో సిస్టర్ మేరీ బెర్నార్డ్ అనే సన్యాసిని మొదలుపెట్టారని చెబుతారు. మేయో సోదరుల దగ్గర పని చేసిన ఆలిస్ మాగా అనే నర్సు 1906లో తాము ఇచ్చిన పద్నాలుగు వేల పైచిలుకు మత్తుల అనుభవాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు. 1931లో ఆగథా హాడ్జిన్స్ పూనికతో ఈ నర్సులకు జాతీయ సంఘం ఏర్పడింది. అంటే అక్కడ ఇది నిన్న మొన్నటి వేలం వెర్రి కాదు, సుమారు నూట యాభై ఏళ్ళ వృత్తి. అయోవా రాష్ట్రం 2001లో దారి చూపిన తర్వాత, డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి అన్న కేంద్ర నిబంధన నుంచి ఎన్నో రాష్ట్రాలు మినహాయింపు పొందాయి.

మన దేశంలో నర్సుకు ఉన్న దారి

ఇక్కడ మత్తు ఇచ్చే బాధ్యత డాక్టరుది. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళు ఎం.డి. అనస్థీషియాలజీ గానీ, డి.ఎన్.బి. గానీ, డిప్లొమా గానీ చేసినవారు ఆ పనిలో ఉంటారు. పల్లె ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు లేక సిజేరియన్లు ఆగిపోతుంటే 2000 దశకంలో కేంద్ర ప్రభుత్వం దీనికొక ఉపాయం చేసింది. అప్పుడు కూడా నర్సులకు కాదు, ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకే కొన్ని నెలల ప్రత్యేక శిక్షణ ఇచ్చింది. మారుమూల మిషన్ ఆసుపత్రుల్లో అనుభవమున్న నర్సులకు నేర్పి మత్తు ఇప్పించిన సందర్భాలు లేకపోలేదు. అది అవసరం కొద్దీ జరిగిన ఏర్పాటు. నర్సు సొంతంగా మత్తు ఇవ్వవచ్చునని చెప్పే లైసెన్సు మన దేశంలో లేదు. అందుచేత ‘మా కోర్సు చేస్తే మీరు మత్తు ఇవ్వవచ్చు’ అని నర్సుకు ఎవరైనా చెబితే, అది అబద్ధం. రేపు థియేటర్లో ఏదైనా జరిగితే జైలు మెట్లెక్కేది ఆ చెప్పినవాడు కాదు.

ఇంకో పెద్ద గందరగోళం ఉంది. ఇంటర్మీడియట్ బై.పి.సి. పాసయిన పిల్లలకు బి.ఎస్సి. అనస్థీషియా టెక్నాలజీ అనే చదువు ఉంది. మూడేళ్ళ పాఠాలు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. దీనికే పారామెడికల్ డిప్లొమా రూపం కూడా ఉంది. మంచి చదువే. యంత్రాలు సరిచూడటం, మందులూ ట్యూబులూ అమర్చిపెట్టడం, మత్తు డాక్టరుకు పక్కనే సాయపడటం దీనిలో నేర్పుతారు. ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ ఇది నర్సింగ్ కాదు. ఇది చదివినవారు అమెరికాలో నర్సు పరీక్ష రాయలేరు. నర్సు పరీక్ష రాయకుండా అక్కడి మత్తు నర్సు కాలేజీలో చేరలేరు. పేరులో ‘అనస్థీషియా’ ఉంది గదా అని, అమెరికా ఆశతో పిల్లను దీనిలో చేర్చిన తల్లిదండ్రులు నాలుగేళ్ళ తర్వాత నాలుక కరచుకోవలసి వస్తుంది. ఆ ఆశే ఉంటే బి.ఎస్సి. నర్సింగ్‌లో చేర్చండి. నాలుగేళ్ళు. ఇంటర్లో భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు, ఇంగ్లీషు ఉండాలి. సైన్సు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం మార్కులు, పదిహేడేళ్ళ వయసు నిండి ఉండటం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నిబంధనలు. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 40 శాతం చాలు. చేర్చే కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఆ సంవత్సరానికి ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టవద్దు.

మత్తు పనికి దగ్గరగా, చట్టానికి లోబడి, మన నర్సులు ఎక్కగలిగిన మెట్లు కూడా చెప్పాలి. ఆపరేషన్ థియేటర్ నర్సింగ్, క్రిటికల్ కేర్ నర్సింగ్ అని ఏడాది పాటు సాగే ప్రత్యేక శిక్షణలు ఉన్నాయి. రిజిస్టరయి ఒక ఏడాది పని చేసిన నర్సులు చేరవచ్చు. అన్నిటికన్నా పెద్దది క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ళ పి.జి. చదువు. దానికి బి.ఎస్సి. నర్సింగ్‌లో 55 శాతం, ఏడాది అనుభవం కావాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని చూసుకోవడంలో దీన్ని మించిన నర్సింగ్ చదువు ఇక్కడ లేదని నా ఉద్దేశం. నన్నడిగితే, విదేశం వెళ్ళినా వెళ్ళకపోయినా దీనికి విలువ తగ్గదు.

అమెరికా కాలేజీ గుమ్మం దగ్గర

ఇప్పుడు మన గడివేముల సోదరి ప్రశ్నకు సూటిగా వద్దాం. అమెరికాలో నర్సు మత్తు కాలేజీలకు గుర్తింపు ఇచ్చే కౌన్సిల్ ఒకటుంది. అది పెట్టిన కనీస అర్హతలకు ప్రతి కాలేజీ కట్టుబడాలి. ఆ పైన ఎవరి ఇష్టం వారిది.

మొదటిది డిగ్రీ. నర్సింగ్‌లో గానీ, సంబంధించిన ఇంకో సబ్జెక్టులో గానీ బ్యాచిలర్ డిగ్రీ ఉండాలి. జి.ఎన్.ఎం. డిప్లొమా ఒక్కటే చాలదు. అమ్మా, మీకు ఇక్కడ దారి మూసుకుపోలేదు. రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సి. చేయండి. ఆ డిగ్రీని అమెరికా డిగ్రీతో ఎట్లా పోలుస్తారన్నది మాత్రం పత్రాలు పరిశీలించే సంస్థా, కాలేజీ కలిసి తేల్చాలి. కాబట్టి రసాయన శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, స్టాటిస్టిక్స్ వంటివి విడిగా చదివి రమ్మని అక్కడ అడిగినా ఆశ్చర్యపడవద్దు. మార్కులు నాలుగింట మూడు పాయింట్లకు తగ్గితే చాలా కాలేజీలు దరఖాస్తు పక్కన పెడతాయి.

రెండవది లైసెన్సు. అక్కడి ఏదో ఒక రాష్ట్రంలో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావాలి. దానికి ఎన్‌క్లెక్స్ అనే పరీక్ష ఉంది. ఇది రాయడానికి విమానం ఎక్కనక్కరలేదు. హైదరాబాదులో కేంద్రం ఉంది. పరీక్ష రుసుము 200 డాలర్లు, విదేశంలో రాస్తున్నందుకు ఇంకో 150, పైన పన్ను. అంతకుముందు మన చదువు పత్రాల పరిశీలన జరగాలి. ఈ పని చాలాకాలంగా సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. అనే సంస్థ చేస్తూ వచ్చింది. 2025లో అది ట్రూమెరిట్ అని పేరు మార్చుకుంది. జి.ఎన్.ఎం. చదివినవారిని కూడా కొన్ని రాష్ట్రాలు ఈ పరీక్షకు అనుమతిస్తాయి. పెద్దలు, పిల్లలు, కాన్పులు, మానసిక రోగులు, ఈ నాలుగు రంగాల్లోనూ పాఠాలూ వార్డు పనీ జరిగినట్టు పత్రాల్లో ఉండాలి, అంతే. ఇంగ్లీషు పరీక్ష విడిగా ఉంటుంది.

మూడవది అనుభవం. ఇక్కడే మన కథ మలుపు తిరుగుతుంది. క్రిటికల్ కేర్‌లో, అంటే ఐ.సి.యు. వంటి చోట, కనీసం ఒక ఏడాది పూర్తికాలం పని చేసి ఉండాలి. కనీసం ఏడాది అన్నారే గానీ సీటు వచ్చేవారికి సాధారణంగా రెండు మూడేళ్ళు ఉంటుంది. జనరల్ వార్డు, క్లినిక్ చెల్లవు. ఎమర్జెన్సీ వార్డును కూడా చాలా కాలేజీలు లెక్కలోకి తీసుకోవు. వెంటిలేటర్ సరిచేయడం, రక్తపోటు నిలబెట్టే మందును చుక్క చుక్కగా పెంచడం తగ్గించడం, ధమనిలోంచి తీసిన రక్తంలో వాయువుల లెక్క చదవడం, ఇవన్నీ చేత్తో చేసి ఉండాలని వారి పట్టుదల. థియేటర్లో మత్తు మనిషి చేసే పని ఇదే కదా, సమంజసమే.

అయితే ఆ అనుభవం అమెరికాలో గానీ, అమెరికా ఏలుబడిలోని ప్రాంతాల్లో గానీ, బయట ఉన్న అమెరికా సైనిక ఆసుపత్రుల్లో గానీ సంపాదించినదై ఉండాలి. నంద్యాలలో మీరు చేసిన రెండేళ్ళు ఈ లెక్కలోకి రావు. నేను మొదట్లో చెప్పిన, డబ్బు పోసినా ఇక్కడ దొరకని అర్హత ఇదే. ‘ఇక్కడి నుంచి నేరుగా సీటు’ అన్నమాట ఎందుకు బూటకమో ఈ ఒక్క నిబంధన చాలు చెప్పడానికి. మీకు అబద్ధం చెప్పినాయనను పట్టుకుని “అయ్యా, అక్కడి ఐ.సి.యు. అనుభవం లేకుండా సీటు ఎట్లా వస్తుంది?” అని అడిగి చూడండి. జవాబు కోసం ఆయన ముఖం చూస్తే చాలు.

అయితే మీ రెండేళ్ళూ వృథా అని అనుకోవద్దు. అక్కడి ఆసుపత్రి మిమ్మల్ని నర్సుగా తీసుకునేటప్పుడు ఐ.సి.యు. అనుభవం చూస్తుంది. అదే మిమ్మల్ని అక్కడి ఐ.సి.యు.లోకి చేర్చే తాళంచెవి కావచ్చు. ముందు చెప్పినట్టు మీకు ఇప్పటికే ఉన్నది అదే.

ఇవి కాక చిల్లర అర్హతలు కొన్ని. గుండె ఆగినప్పుడు చేయవలసిన చికిత్సలో సర్టిఫికెట్లు కావాలి. క్రిటికల్ కేర్ నర్సులకు అక్కడ ఉండే సి.సి.ఆర్.ఎన్. పరీక్ష పాసయి ఉంటే మంచిదంటారు, కొందరు తప్పదంటారు. ఒక మత్తు నర్సు వెంట కొన్ని రోజులు థియేటర్లో నిలబడి పని చూసి రమ్మంటారు. ఆఖరున ఇంటర్వ్యూ. దానిలో “రోగి రక్తపోటు అరవైకి పడింది, ముందు ఏం చేస్తావు?” వంటి ప్రశ్నలు వేస్తారు. బట్టీ పట్టిన ఇంగ్లీషు అక్కడ అక్కరకు రాదు.

సీటు వచ్చాక చదువు కనీసం 36 నెలలు. 2022 నుంచి కొత్తగా చేరేవారందరికీ ఇది డాక్టరేటు స్థాయి చదువే, మాస్టర్స్ కాదు. పాసయ్యేలోగా కనీసం 600 మందికి మత్తు ఇచ్చి ఉండాలి, 2,000 గంటలు ఆసుపత్రిలో గడపాలి. ఆ తర్వాత జాతీయ పరీక్ష. చదివినన్నాళ్ళూ ఉద్యోగం చేయడం ఇంచుమించు కుదరదు. ఫీజులే లక్ష డాలర్లు దాటే కాలేజీలు చాలా ఉన్నాయి. పాసయినవారి జీతం సగటున ఏడాదికి రెండు లక్షల డాలర్ల పైన ఉంటుందన్నది నిజమే, అందుకే అక్కడివారే ఈ సీట్లకు పోటీ పడతారు.

కాగితం మీద లెక్క వేద్దాం. పోస్ట్ బేసిక్ రెండేళ్ళు. పత్రాలు, ఇంగ్లీషు, ఎన్‌క్లెక్స్ కలిపి ఒకటి రెండేళ్ళు. తర్వాత ఆసుపత్రి స్పాన్సర్ చేస్తే వీసా. మన దేశంలో పుట్టినవారికి ఆ వరస చాలా పొడుగు, ఏళ్ళ తరబడి కదలదు. ఎంత కాలమని నేను చెప్పలేను, ఎవరైనా చెబితే నమ్మవద్దు. అక్కడికి చేరాక ఐ.సి.యు.లో రెండు మూడేళ్ళు. ఆపైన చదువు మూడేళ్ళు. వరసలో నిలబడ్డ కాలం వదిలేసినా తొమ్మిదీ పదేళ్ళు. ఇప్పుడు మీకు పాతికేళ్ళనుకుంటే ముప్పై అయిదు దాటుతుంది. పెళ్ళి, పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు, అన్నీ ఈ పదేళ్ళలోనే వస్తాయి. అసాధ్యమని అనడం లేదు. ఈ లెక్క తెలిసి బయలుదేరడం వేరు, “ఏడాదిలో అయిపోతుంది” అని బయలుదేరడం వేరు.

ఈ వరసలో ఎక్కడా రెండెకరాల పొలం ఒక్కసారిగా అమ్మవలసిన మెట్టు లేదని గమనించారా? ఖర్చులన్నీ విడివిడిగా, నేరుగా కాలేజీకో, పరీక్ష సంస్థకో కట్టేవే. మధ్యవర్తి చేతిలో మొత్తం పోసేది ఏదీ లేదు. నర్సును తీసుకునే అమెరికా ఆసుపత్రి ఎదురు ఖర్చు పెట్టుకుంటుందే గాని నర్సు దగ్గర లక్షలు గుంజదు. విదేశీ ఉద్యోగాలకు ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలు ఏర్పాటయ్యాయి. ప్రైవేటు ఏజంటయితే కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు అడిగితే కోపం వచ్చేవాడి దగ్గర కూర్చోవద్దు.

అమ్మా, ఈ నెలలో మీరు చేయగల పనులు రెండున్నాయి. మీరు జి.ఎన్.ఎం. చదివిన స్కూలుకు వెళ్ళి, ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు, ఏ వార్డులో ఎన్ని గంటలు అన్న వివరాలతో ట్రాన్స్‌క్రిప్టు తీసుకోండి. చిన్న నర్సింగ్ స్కూళ్ళు మూతబడుతుంటాయి, మూతబడ్డాక ఆ కాగితం కోసం తిరిగే తిప్పలు ఇంతా అంతా కాదు. రెండోది, నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయింది. మీ డ్యూటీ లేని రోజున అక్కడి ఆసుపత్రి అధికారుల అనుమతి అడిగి, మత్తు డాక్టరు వెనక ఒక పూట నిలబడి చూడండి. సిజేరియన్ బల్ల మీద రక్తపోటు పడిపోయిన ఆ రెండు నిమిషాలు చూశాక కూడా మీకు ఆ స్టూలు మీద కూర్చోవాలనిపిస్తే, పోస్ట్ బేసిక్ దరఖాస్తు నింపండి. పొలం సంగతి మాత్రం మీ నాయనగారికి ఈ రాత్రే చెప్పండి.